గట్టు జరిపాడనే అనేవాళ్లం

సర్వే శాఖలో 34 ఏళ్లు గొలుసు లాగినవాణ్ణి నేను. 66 అడుగుల గొలుసు, దానికి 100 లింకులు, పది చదరపు గొలుసులైతే ఎకరం. ఇటు వసిష్ఠ, అటు వైనతేయ, మధ్యలో మా దీవి. ఈ రెండు పాయల్లో ఏది ఎక్కడ కోసిందో, ఏ లంక దగ్గర మేట వేసిందో నా కాళ్లకు తెలుసు. భూమి తగాదా ఎక్కడొచ్చిందని విన్నా, అది సఖినేటిపల్లి అయినా ఉక్రెయిన్ అయినా, నాకు ముందు పుట్టే ప్రశ్న ఒక్కటే. రాయి ఎవరు జరిపారు?

మా రోజుల్లో అందరికీ ముందు పుట్టే ప్రశ్న అదే. ఇప్పుడది అడిగేవాడు కనబడటం లేదు. నా బాధంతా అదే.

2025 జనవరిలో ఒక పొద్దున్న రాజోలు సెంటర్లో టీ తాగుతున్నాను. మళ్లీ అధ్యక్షుడు కాబోతున్న ట్రంప్ గ్రీన్‌లాండ్ కావాలన్నాడని, సైన్యాన్ని వాడనని మాటివ్వమంటే ఇవ్వనన్నాడని వార్త. పక్క బల్ల మీద కుర్రాళ్లు ఫోన్లో అది చూస్తున్నారు. "ఎంతకి కొంటాడంటావ్?" అని ఒకడు. "కింద ఖనిజాలున్నాయంటరా, ఎంతకైనా మంచి డీలే" అని ఇంకొకడు. అక్కడ మనుషులున్నారా అని ఒక్కడూ అడగలేదు. ఉన్నారు. సుమారు 57 వేల మంది. ఇంచుమించు మన అమలాపురం పట్టణమంత జనం. రేపు ఎవడో పెద్ద దేశంవాడు వచ్చి అమలాపురం ఎంతకిస్తారని ఢిల్లీని అడిగితే, ఎక్కడో టీ కొట్లో కూర్చుని కుర్రాళ్లు దానికి ధర కడుతుంటే మనకెలా ఉంటుంది? అదే అడిగాను వాళ్లని. "అదీ ఇదీ ఒకటేటండీ తాతగారూ" అన్నారు. ఒకటే. నేల మీద కొబ్బరి తోట ఉన్నా మంచుగడ్డ ఉన్నా హద్దు హద్దే.

మా చిన్నప్పుడు పేపరు అంత తొందరగా వచ్చేది కాదు. రైలు మీద నరసాపురం దాకా వచ్చి, పంటు మీద ఏరు దాటి, సఖినేటిపల్లి రేవు నుంచి మా ఊరు చేరేసరికి మధ్యాహ్నం దాటిపోయేది. వచ్చింది ఒక్క పేపరు. అరుగు మీద ఒకరు పైకి చదివేవారు, పదిహేను మంది వినేవారు. అందులో సంతకం పెట్టడం రానివాళ్లు సగం మంది. గోడకి ప్రపంచ పటం ఉండేది. చదివే పెద్దాయన ఊరి పేరు రాగానే ఆగి, కర్రతో పటం మీద చూపించి, మళ్లీ చదివేవారు. ఒక్క వార్త ముగిసేసరికి గంట పట్టేది. తగువులాడుకునేవారు, కేకలేసుకునేవారు. కానీ ఎవడు ఎవడి మీదికి వెళ్లాడన్న సంగతి తేలకుండా లేచేవారు కారు.

1956లో నాకు పదకొండేళ్లు. ఈజిప్టు నాసరు జులైలో సూయజ్ కాలవని జాతీయం చేశాడు. అక్టోబరు ఆఖర్న ఇజ్రాయెల్, వెనకాలే ఇంగ్లండు, ఫ్రాన్సు కలిసి మీదపడ్డాయి. మా అరుగు మీద ఎవరికీ ఈజిప్టులో చుట్టాల్లేరు. అయినా ఆ రోజు అన్నం సహించని మనుషుల్ని చూశాను. "వాళ్లే, మళ్లీ వాళ్లే వచ్చారు" అన్నారు. ఇంగ్లండుకి, ఫ్రాన్సుకి కూటమిలో పెద్దన్న అయిన అమెరికాయే వెనక్కి పొమ్మని మెడలు వంచిందని తర్వాత చదివితే, "మిత్రుడు తప్పు చేసినా తప్పే అనాలి, అదీ పద్ధతి" అన్నారు. అదే నెలల్లో రష్యా ట్యాంకులు హంగరీలోకి దిగితే మన ప్రభుత్వం మొదట్లో అంత గట్టిగా అనలేదు. దానికీ అరుగు మీద దెబ్బలాటే. "నాసరు గట్టూ గట్టే, హంగరీవాడి గట్టూ గట్టే. నెహ్రూ గారు ఒక కన్ను మూశారు" అని కాంగ్రెసు మనిషే అన్నాడు. ఇప్పుడు తన పార్టీని తనే అలా అనేవాడు మా మండలంలో ఉన్నాడా?

"మళ్లీ వాళ్లే" అన్న మాట ఊరికే రాలేదు. ఫ్రెంచివాడు మాకు పటంలో మనిషి కాదు, గౌతమి ఒడ్డునున్న యానాంలో ఉండేవాడు. 1929లో శారదా చట్టం వచ్చి బాల్య వివాహాలు ఆగితే, మా కోనసీమవాళ్లు పిల్లల్ని పడవలెక్కించి తీసుకెళ్లి యానాంలో పెళ్లి చేసేవారు. అక్కడ ఇంకో జెండా, ఇంకో చట్టం. ఏరు దాటితే నేరం కల్యాణమైపోయేది. హద్దంటే ఏమిటో, దాన్ని గీసినవాడి చేతిలో మన జీవితాలు ఎలా ఉంటాయో మా ఇళ్లల్లో ఆడపిల్లలకు తెలుసు. 1954 మే 7న వియత్నాంలో దియన్ బియన్ ఫూ దగ్గర ఫ్రెంచి సైన్యం ఓడిపోయింది. నెల్లాళ్లు గడిచాయో లేదో, జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య గారి నాయకత్వంలో యానాం విముక్తమైంది. నవంబరు 1న పాలన మన చేతికొచ్చింది. కాగితం మీద మాత్రం ఫ్రాన్సు దాన్ని వదులుకున్నది 1962 ఆగస్టులో. జెండా దించాక కాగితం దింపడానికి ఎనిమిదేళ్లు. తొమ్మిదేళ్ల పిల్లాణ్ణి నేను, మా నాన్నగారు చెప్పిన మాట గుర్తుంది: "మీద పడటానికి పూట చాలు. వదలడానికి తరాలు పడుతుంది."

ఆ సాయంత్రాలే మా తాతగారు చందుర్తి సంగతి చెప్పేవారు. ఇప్పటి పిల్లలకి బొబ్బిలి యుద్ధం సినిమాగా తెలుసు, చందుర్తి అసలు తెలియదు. గొల్లప్రోలు పక్కనే ఉంది. మన దేశంలో ఎవరు నిలుస్తారు, ఎవరు పోతారు అన్నది తేల్చిన యుద్ధాల్లో అదొకటి. అక్కడ చిక్కంతా కత్తి దగ్గర రాలేదు, పొత్తు దగ్గర వచ్చింది. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

హైదరాబాదు నవాబు సలాబత్ జంగుకి గద్దె నిలబెట్టుకోవడానికి ఫ్రెంచి సేన కావాల్సి వచ్చింది. సేనకి జీతాలివ్వడానికి డబ్బు లేదు. 1753లో ముస్తఫానగరం, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం సర్కార్ల శిస్తు ఫ్రెంచి సేనాని బుస్సీకి రాసిచ్చేశాడు. అంటే మా తాతముత్తాతలు పండించిన పంట ఎవరో దొరల జీతాల పద్దు అయిపోయింది. మమ్మల్ని అడిగింది లేదు. 1757 జనవరిలో విజయనగరం విజయరామరాజు అదే బుస్సీని వెంటబెట్టుకుని బొబ్బిలి మీదికి వెళ్లాడు. కోట బూడిదైంది, మూడు రాత్రులు తిరక్కుండా తాండ్ర పాపారాయుడి చేతిలో రాజూ పోయాడు. ఆ ఏడే బుస్సీ ఇంగ్లీషువాళ్ల కోఠీలు పట్టుకున్నాడు. అందులో నరసాపురం పక్క మాధవాయపాలెం ఉంది, మా కోనసీమ ఒడ్డున బెండమూర్లంక ఉంది, యానాం దగ్గర ఇంజరం ఉంది. ఐరోపాలో ఇద్దరు రాజులు పడకపోతే మన రేవులు చేతులు మారాయి.

విజయరామరాజు తర్వాత వచ్చిన ఆనందగజపతి రాజుకి ఫ్రెంచివాళ్లతో చెడింది. బుస్సీ దక్షిణాదికి పిలుపొచ్చి వెళ్లిన సందు చూసి విశాఖపట్నం పట్టుకుని, రండి, మీకిస్తాను అని ఇంగ్లీషువాళ్లకి కబురు పెట్టాడు. మద్రాసువాళ్లు రాలేమన్నారు. కలకత్తాలో క్లైవు ఒప్పుకుని కర్నల్ ఫోర్డుని పంపాడు. ఒప్పందం రాసుకున్నారు. సేన ఖర్చుకి రాజు నెలకి 50 వేల రూపాయలివ్వాలి. గెలిచాక లోపలి సీమ రాజుది. సముద్రపు ఒడ్డు, ఏటి మొగల దగ్గర రేవులు ఇంగ్లీషు కుంఫిణీవి. మా తాతగారు ఇక్కడ ఆగి అడిగేవారు: "ఏటి మొగ ఇచ్చేశాక ఇంకేం మిగిలిందిరా?" అంతర్వేది దగ్గర వసిష్ఠ సముద్రంలో కలిసే చోటు చూసి పెరిగిన పిల్లలం, ఆ ప్రశ్న మాకు అర్థమయ్యేది. మొగ ఎవడిదో పడవ వాడిది, పడవ ఎవడిదో పంట వాడిది.

1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫోర్డు ఫ్రెంచివాళ్లని ఓడించాడు. గెలిచిన మర్నాటి నుంచే డబ్బు దగ్గర పేచీ. రాజు ఇస్తానన్నది ఇవ్వలేదు, ఫోర్డు డబ్బు లేనిదే కదలలేనన్నాడు, వారాలకు వారాలు అక్కడే గడిచిపోయాయి. చివరికి 1759 ఏప్రిల్ 7 రాత్రి బందరు కోట పడింది. దగ్గర్లో సేనతో దిగి ఉన్న సలాబత్ జంగు, నిన్నటిదాకా ఫ్రెంచివాళ్ల మిత్రుడు, మే 14న ఇంగ్లీషువాళ్లతో సంధి చేసుకుని బందరు ప్రాంతం ఇచ్చేశాడు. తర్వాత 1766లో సర్కార్లు కుంఫిణీకి పోయాయి.

ఆ పిలిచిన ఇంటికి ఏమైంది? సుమారు 36 ఏళ్లకి, 1794 జులై 10న, పద్మనాభం దగ్గర అదే కుంఫిణీ సేన అదే విజయనగరం గద్దె మీదున్న ఇంకో విజయరామరాజుని చంపేసింది. పేష్కష్, అంటే కప్పం, బకాయి పడ్డాడని, బందరు వెళ్లిపొమ్మంటే వెళ్లలేదని. గంట పట్టిందో లేదో యుద్ధం. ఏరు దాటేదాకా ఓడమల్లన్న, దాటాక బోడిమల్లన్న అన్న సామెత మా తాతగారు ఎక్కడా వాడేవారు కాదు గాని, పద్మనాభం పేరు వచ్చినప్పుడు మాత్రం తప్పకుండా అనేవారు.

మా తరానికి పొత్తులంటే ఏమిటో ఇలా తెలిసింది. పటం అరుగు మీద చూపించారు, లోతు ఇంట్లో చెప్పారు.

1971 డిసెంబరు మొదటి వారం. నాకు ఉద్యోగం వచ్చిన కొత్త. దీపాలు బయటికి కనబడకూడదని ఒడ్డు ఊళ్లల్లో చెప్పేవారు. 3వ తేదీ అర్ధరాత్రి విశాఖపట్నం ముందర పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. అది అమెరికావాళ్ల డయాబ్లో, 1964లో పాకిస్తాన్‌కి ఇచ్చింది. ఇది విన్నప్పుడు మా ఆఫీసులో ఒక పెద్ద గుమాస్తా అన్న మాట ఇప్పటికీ మరిచిపోలేదు: "ఇచ్చినవాడు ఒడ్డున, ఎక్కినవాళ్లు అడుగున." పాకిస్తాన్ అప్పటికి సీటోలో ఉంది, సెంటోలో ఉంది, రెండు సైనిక కూటములు. ఒక్క దేశమూ దాని తరఫున యుద్ధానికి దిగలేదు. అమెరికా తన ఎంటర్‌ప్రైజ్ ఓడని బంగాళాఖాతంలోకి పంపింది, తిప్పి తీసుకెళ్లింది. మనకీ ఆ ఆగస్టు 9నే రష్యాతో ఒప్పందం అయ్యింది. మా అరుగు మీద దానికి చప్పట్లు కొట్టినవాళ్లున్నారు, "మొగలు రాసివ్వలేదు కదా, చదివి చూడండి" అని అడిగినవాళ్లూ ఉన్నారు. చప్పట్ల మధ్యలో ఆ మాట అనగలిగిన మనిషి ఊరికి ఒక్కడైనా ఉండటం, నేను మా రోజుల్లో అనేది ఇదే.

మాట అనడం వల్ల ఏమవుతుందని కుర్రాళ్లు అడుగుతారు. అవుతుంది. నా కళ్లతో చూశాను.

1986 ఆగస్టు వరద తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. నీళ్లు తీశాక ఒక లంకలో హద్దు రాళ్లే లేవు. రెండెకరాల చిన్న రైతు ఒకాయన, పక్కన పాతికెకరాల ఆసామి. ఆసామి నాగలి ఇవతలికి వచ్చేసింది. చిన్న రైతు ఏడుస్తూ పొరుగూరి పెద్దమనిషి కాళ్లు పట్టుకున్నాడు. ఆయన పాతికమందిని తీసుకుని వచ్చాడు, ఆసామిని వెనక్కి నెట్టాడు. తర్వాత తను పోలేదు. మనుషుల ఖర్చని అరెకరం కౌలుకి పెట్టుకున్నాడు, మూడో ఏటికి అది తనదే అన్నాడు. కొరివితో తల గోక్కోవడం అంటే అదే. నేను పటం, గొలుసు పట్టుకుని వెళ్లి కొలిచాను. ఆసామి రాయి జరిపింది తేలింది, రక్షించడానికొచ్చిన పెద్దమనిషి కూడా జరిపింది తేలింది. రచ్చబండ దగ్గర ఊరంతా నిలబడి, ఆయన దగ్గర అప్పున్నవాళ్లు కూడా, "గట్టు జరిపావు" అన్నారు. ఎవరూ కర్ర ఎత్తలేదు. ఆ మాట పడలేక ఆరు నెలల్లో 30 సెంట్లు వదిలి వెళ్లిపోయాడాయన. మిగతా 20 సెంట్లు రాలేదు. అయినా 30 సెంట్లు వచ్చింది మాట వల్ల.

ఆ వరద తర్వాత నాలుగేళ్లకే ప్రపంచంలో పెద్ద గట్టు ఒకటి జరిగింది. 1990 ఆగస్టు 2న సద్దాం సేన కువైట్‌లో దిగింది. అది మాకు విదేశీ వార్త కాదు. రాజోలు, మలికిపురం చుట్టుపక్కల ప్రతి వీధి నుంచీ కువైట్‌లో మనిషి ఉన్నారు, ఎక్కువమంది ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు. అంతకు ముందు ఎనిమిదేళ్లు ఇరాక్ ఇరాన్‌తో యుద్ధం చేస్తే అప్పులిచ్చి నిలబెట్టినవాళ్లలో కువైట్ కూడా ఉంది. యుద్ధం ముగిశాక అప్పు అడిగారని, చమురు ధర పడగొట్టారని, రుమైలా బావిలో చమురు తోడేస్తున్నారని పేచీ పెట్టి, ఇల్లే ఆక్రమించి తన 19వ రాష్ట్రం అని పేరు పెట్టాడు. చందుర్తి డబ్బు పేచీ గుర్తొచ్చింది నాకు.

మా వీధిలో ఒకావిడ దినార్లు కొంగున కట్టుకుని, అవి చెల్లవని తెలిసి, ఎడారి దాటి జోర్డాన్ అమ్మాన్ చేరి, ఎయిరిండియా విమానంలో ఒక్క సంచితో దిగింది. అమ్మాన్ నుంచి 59 రోజుల్లో 488 విమానాల్లో లక్షా డెబ్బై వేల మందికి పైగా మన వాళ్లని తెచ్చారు. మన ప్రభుత్వం సద్దాంని గట్టిగా తిట్టలేదు, అంతమంది అక్కడ చిక్కి ఉన్నారు, అది నాకు అర్థమైంది. ఇరాక్ మనకి పాత మిత్రుడు కూడా. కానీ మా వీధిలో ఆవిడ మెట్టు దిగగానే అన్నది: "ఉప్పు పెట్టినోడి ఇల్లు దోచేశాడమ్మా." మిత్రుడా కాదా అని చూసుకుని అనలేదు.

ఇప్పటి సంగతికి వస్తాను. నాటో అనే కూటమి 1949 ఏప్రిల్ 4న పుట్టింది. ఒకడి మీద పడితే అందరి మీదా పడ్డట్టే అని అయిదో అధికరణలో రాసుకున్నారు. ఇన్నేళ్లలో దాన్ని ఒక్కసారే బయటికి తీశారు, 2001లో అమెరికా మీద దాడి జరిగినప్పుడు, అమెరికా కోసం. డెన్మార్కు అంత చిన్న దేశం తన పిల్లల్ని ఆఫ్ఘనిస్తాన్ పంపి 40 మందికి పైగా పోగొట్టుకుంది. 1951 ఒప్పందం కింద తన గ్రీన్‌లాండ్‌లో అమెరికాకి సైనిక స్థావరం కూడా ఎప్పుడో ఇచ్చింది. ఇక్కడా మొగ రాసిచ్చారు. ఆ డెన్మార్కు రాయి దగ్గరికి అమెరికా వచ్చి నిలబడి ఇది నాకు కావాలంటుంటే, ఊళ్లో మాట ఏమిటి? "బలవంతుడు కదండీ, అడుగుతాడు." ఉక్రెయిన్ మీద రష్యా 2022 ఫిబ్రవరి 24న పడితే మాట ఏమిటి? "మనకి చవగ్గా నూనె ఇస్తున్నాడు కదండీ." ఒకడికి ట్రంప్ హీరో, ఒకడికి పుతిన్ హీరో. సినిమా హీరోకి అభిమానులు ఉండొచ్చు. గట్టు జరిపేవాడికి అభిమానులేమిటి?

ఆ చవక నూనె పేరు చెప్పే 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసింది. నిన్నటిదాకా భాగస్వామి అన్న దేశమే. మా చెరువుల్లో వనామీ రొయ్యల పట్టుబడికి సిద్ధమైన రైతుల ముఖాలు ఆ వారం చూశాను. కౌంటు చూసి ధర చెప్పాల్సిన కొనుగోలుదారు ఫోన్ ఎత్తడం మానేశాడు. వాషింగ్టన్లో ఒకడు ఇంకొకడిని బెదిరిస్తే రాజోలులో ఏరేటర్ కరెంటు బిల్లు కట్టలేకపోతారని ఇప్పటికైనా తెలిసి ఉండాలి.

మా మనవరాలు దోహాలో నర్సు. కతార్‌లోని అల్ ఉదీద్ ఆ ప్రాంతంలో అమెరికాకి అన్నిటికన్నా పెద్ద స్థావరం. అది ఉన్నంతకాలం మాకేం కాదు తాతయ్యా అనేది. 2025 జూన్ 23 రాత్రి ఆ స్థావరం మీదికే ఇరాన్ క్షిపణులు వేసింది. ఆకాశంలో నిప్పులు రాలడం మేడ మీద నుంచి చూశానని ఫోన్లో చెప్పింది. సెప్టెంబరు 9న ఈసారి ఇజ్రాయెల్ దోహా నగరంలోనే బాంబులు వేసింది. ఇజ్రాయెల్ అమెరికాకి మిత్రుడు, కతార్ అమెరికాకి మిత్రుడు. "కిటికీలు ఊగాయి తాతయ్యా. ఎవరు ఎవరి వైపో నాకు తెలియట్లేదు" అంది. నేను పద్మనాభం సంగతి చెప్పలేదు. తలుపు గడియ వేసుకో, నీళ్లు పట్టి పెట్టుకో అన్నాను. తెల్లవార్లూ ఫోను దిండు కింద పెట్టుకున్నాను.

పొద్దున్న సెంటర్లో అదే టీ కొట్టు, అదే బల్ల. ఒక కుర్రాడు నన్ను చూసి జరిగి చోటిచ్చాడు, మంచివాడే. "తాతగారూ, దీంట్లో ఎవరు గెలుస్తారంటారు?" అనడిగాడు.

"మా మనవరాలు ఇందాకే ఫోన్ చేసింది. డ్యూటీకి వెళ్తోందట" అన్నాను.